తొమ్మిది సెకన్ల తలుపు

1. సోమవారం, ఉదయం 6:10, మూడో తలుపు

చల్లగూడెంలో ఈ రోజు నుంచి పదకొండో అవగాహన వారం. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల గురించి ఊరికి తెలియజెప్పడం దీని ఉద్దేశం. వారమంతా తిరిగి రాయమని పత్రిక నన్ను పంపింది. ఎక్కడికీ తిరగనక్కర్లేకుండా మొదటి వార్త తలుపు మీదే దొరికింది.

పైన వేడికి తట్టుకోలేక ఊరంతా నేల కింద సొరంగాల్లోకి దిగింది; ఇక్కడి తలుపులకు తాళాలు లేవు, పలకలున్నాయి. పలక మీద ఆ వారం వాక్యం వెలుగుతుంది. ఎదురుగా నిలబడి తొమ్మిది సెకన్లలో పైకి చదివితే తలుపు విని తెరుచుకుంటుంది. తప్పు చదివినా, ఆలస్యమైనా పలక ఆరిపోతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట వేడి హెచ్చరిక చదవకుండా ఏడో తలుపు దాటి నేల మీదికి వెళ్ళిన పందొమ్మిది మంది తిరిగి రాలేదు. అప్పటి నుంచి ఇదే నియమం. వాక్యం ఎప్పుడూ చిన్నదే: ‘పైన యాభై నాలుగు డిగ్రీలు. బయటి గేటు మూత.’

ఈ వారం వాక్యాన్ని అవగాహన సంఘం రాసింది: ‘అభ్యసన వైకల్యం శాపం కాదు, ప్రత్యేక సామర్థ్యం. గుర్తిద్దాం, ప్రోత్సహిద్దాం, ఉజ్జ్వల భవిష్యత్తును నిర్మిద్దాం.’

పదకొండు మాటలు. అందులో ఒత్తు లేనివి రెండే: శాపం, కాదు.

వరుసలో మొదట నిలబడింది ఒక బడి పంతులు. మూడోసారికి చదివారు. ఆయన వెనకున్న మనిషి పలక చూడలేదు. పంతులు చెప్పింది విన్నాడు, అదే చెప్పాడు, దాటాడు. అతని వెనకున్నామె అతను చెప్పిందే చెప్పింది. నేను వరుసకు ఎదురుగా గోడకు ఆనుకుని నిలబడ్డాను కాబట్టి అందరి కళ్ళూ కనిపించాయి. లెక్కపెట్టాను. రెండు గంటల్లో దాటినవాళ్ళు 412 మంది. పలక వైపు కళ్ళు తిప్పినవాళ్ళు 9 మంది.

2. సోమవారం, మధ్యాహ్నం, బడి

సంఘం జాబితాలో చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు 31 మంది. ఈ రోజు బడికి వచ్చినవాళ్ళు నలుగురు. మిగతా 27 మంది తమ తమ ఇళ్ళ వరుసల్లో తలుపుల వెనకే ఉన్నారు.

ప్రారంభ సభలో ముందు వరుస కుర్చీలు వాళ్ళ కోసమే వేశారు. వీపుల మీద పేర్లు అంటించారు. సంఘం అధ్యక్షురాలు ముక్తేవి హైమవతి గారు ఇరవై ఏడు ఖాళీ కుర్చీలకు ఎదురుగా నలభై నిమిషాలు మాట్లాడారు. సాయంత్రం ప్రకటన వచ్చింది: ‘తొలి రోజు ఏ తరగతిలోనూ చదవలేకపోయిన సంఘటన ఒక్కటి కూడా నమోదు కాలేదు.’

అబద్ధం కాదు. తలుపు వాక్యం చదవలేని పిల్లలు తరగతికి చేరనే లేదు.

3. మంగళవారం, తొమ్మిదో వరుస

ఆ ఇరవై ఏడు మందిలో ఒకరైన జాజి ఇంటికి వెళ్ళాను. పన్నెండేళ్ళ పిల్ల. తల్లి సారక్క పుట్టగొడుగుల మళ్ళలో పని చేస్తుంది.

“కూసో అక్కా,” అని పీట వేసింది సారక్క. “పొద్దుగాల అయిదింటికి నేను పనికి పోత. బిడ్డ ఎనిమిదింటికి లైన్ల నిలవడి, ముందటోళ్ళు చెప్పింది విని చెప్పి పోయేది. ఆరేడు చిన్న మాటలైతే పట్టుకుంటది. గిదేంది, పదకొండు మాటలు! పెండ్లిపత్రిక లెక్కుంది. నడిమిట్ల ఒకటి జారిపోయిందనుకో, తలుపు మూతి ముడుచుకుంటది.”

సంఘం కరపత్రంలో ఇలాంటి పిల్లలకు అక్షరాలు నాట్యం చేస్తున్నట్టు కనిపిస్తాయని ఉంది. నిజమేనా అని జాజిని అడిగాను.

“యాడ ఆడ్తయి? ఉన్నకాడనే ఉంటయి. ఆడితే మంచిగనే ఉండు, చూసుకుంట కూసుందును. ఒక్కొక్కటి ఏందో ఎరుకపట్టనీకి టైం వడ్తది. గంతే,” అంది.

“ఎంత టైం?”

“నువ్వే లెక్కవెట్టు.”

పాత వాక్యం ఒకటి కాగితం మీద రాసి ఇచ్చాను. వేలు పెట్టి చదివింది. ఇరవై ఆరు సెకన్లు. ఇంకో రెండు ఇచ్చాను. ఇరవై తొమ్మిది, ఇరవై నాలుగు. ఒక్క తప్పూ లేదు.

పన్నెండేళ్ళు నిండిన ప్రతివాళ్ళకూ తలుపు పరీక్ష ఉంటుంది. ఖాళీ సొరంగంలో, ముందూ వెనకా ఎవరూ లేకుండా నిలబడి చదవాలి. నెగ్గితే ఒంటి బిళ్ల ఇస్తారు. రెండుసార్లు తప్పితే తోడు బిళ్ల మెడలో పడుతుంది, జీవితాంతం ఉంటుంది. తోడు బిళ్ల ఉన్నవాళ్ళకు తలుపు ఒంటరిగా తెరుచుకోదు. పక్కన ఒంటి బిళ్ల ఉన్న మనిషి ఉండాలి.

జాజి ఒకసారి తప్పింది. రెండోది, చివరిది, ఈ ఆదివారం పది గంటలకు.

తోడు బిళ్ల అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ వివరించనక్కర్లేదు. సారక్క తమ్ముడు మొండయ్య మూలన కూర్చుని ఉన్నాడు. ముప్ఫై నాలుగేళ్ళు. మెడలో గోధుమ రంగు బిళ్ల. ఎవరైనా తోలుకుపోతేనే వరుస దాటుతాడు కాబట్టి ఏ పనిలోనూ పెట్టుకోరు. పోయిన ఏడాది పెళ్ళిచూపులకు వెళ్ళాల్సిన రోజున తోడు వస్తానన్నవాడికి జ్వరం వచ్చింది. సంబంధం ఇంకొకరికి పోయింది.

“నాకేం తక్కువ అక్కా?” అన్నాడు మొండయ్య. “కూసోనీకి కుర్చీ ఇచ్చిండ్రు. అవగాహన వారం వస్తే బిస్కిట్ పుడ గూడ ఇస్తరు.”

“నోరు మూసుకోరా,” అంది సారక్క. నవ్వలేదు.

4. బుధవారం, అవగాహన సంఘం కార్యాలయం

హైమవతి గారు ఇరవై నిమిషాలు సమయమిచ్చారు. అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

“తొమ్మిదో వరుసలో జాజి అనే పాప ఉంది,” అన్నాను.

“బొమ్మలు బాగా వేస్తుందా?”

“వెయ్యదు.”

“పాటలు?”

“అడిగాను. రావు.”

“లెక్కలండీ? ఇలాంటి పిల్లల్లో ఏదో ఒక అద్భుతం దాగి ఉంటుంది. మనం వెలికి తియ్యాలి.”

“బాగా నిద్రపోతుందని వాళ్ళమ్మ చెప్పింది.”

ఆవిడ అది రాసుకోలేదు.

“మీ వాక్యం చదవలేక ఇరవై ఏడు మంది పిల్లలు ఇళ్ళలో ఆగిపోయారు,” అన్నాను.

“అదే కదండీ అవగాహన అంటే! వాళ్ళు ఎంత కష్టపడుతున్నారో ఊరికి ఇప్పుడు తెలుస్తోంది.”

“తల్లులు ముప్ఫై సెకన్లు అడుగుతున్నారు.”

“భద్రత దగ్గర రాజీ పడలేం. పందొమ్మిది ప్రాణాలు పోయాయి. తొమ్మిదంటే తొమ్మిదే.”

బయటికి వచ్చాక దస్తావేజుల గదిలో చూశాను. మొదటి అవగాహన వారం నుంచి ముప్ఫై సెకన్లు కోరుతూ ఏడాదికొకటి చొప్పున పదకొండు అర్జీలు ఉన్నాయి. పదకొండింటి మీదా ఒకటే జవాబు: పరిశీలనలో ఉంది. పరీక్ష నుంచి మినహాయింపు కోరే దరఖాస్తు కూడా అక్కడే ఉంది. పద్నాలుగు పేజీలు. ‘అభ్యర్థి స్వయంగా చదివి పూరించాలి’ అని మొదటి పేజీలోనే ముద్రించారు. ఇప్పటివరకూ వచ్చిన దరఖాస్తుల సంఖ్య సున్నా. ఈ సున్నాను సంఘం తన వార్షిక నివేదికలో ‘అవసరం తగ్గింది’ అనే శీర్షిక కింద చూపించింది.

5. గురువారం, పత్రిక వచ్చిన రోజు

రెండు విషయాలు వేశాం. ఒకటి, హైమవతి గారితో సంభాషణ, ఉన్నది ఉన్నట్టు. రెండోది, సోమవారం నాటి లెక్క: 412 మందిలో పలక చూసినవాళ్ళు 9 మంది.

ఊళ్ళో చాలామంది ఈ వార్తను చదవలేదు, విన్నారు. ఇంటింటికీ చదివి వినిపించే పెట్టె ఉంది. ఉత్తరమైనా, నోటీసైనా, మందుసీసా మీద చీటీ అయినా అదే చదువుతుంది. నలభై ఏళ్ళుగా ఎవరికీ సొంతంగా చదవాల్సిన పని పడలేదు, తలుపు దగ్గర తప్ప. తలుపు దగ్గర ముందున్న మనిషి ఉన్నాడు.

తలుపుల మేస్త్రీ ఫరీద్ నూనె డబ్బాతో మూడో తలుపు దగ్గర కనిపించాడు.

“ముప్పై సాల్ల నుంచి వీటితోనే ఉన్న మేడం,” అన్నాడు. “తలుపుకు చెవులే ఉన్నయి, కండ్లు లెవ్వు. ఎవడు చూసి చెప్పిండో, ఎవడు విని చెప్పిండో దానికేం ఎరుక?”

“ఈ సంగతి ఎప్పుడైనా పైవాళ్ళకు చెప్పావా?”

“అడిగితే గద.”

6. శుక్రవారం

హైమవతి గారు ఊరి స్పీకర్లలో మాట్లాడారు. చల్లగూడెం అక్షరాస్యత నూటికి నూరు అన్నారు. పత్రిక పౌరులను అవమానించిందన్నారు. ఆ మాట తప్పని రుజువు చెయ్యడానికి శనివారం తెల్లవారి అయిదు నుంచి ఏ ఇద్దరికీ ఒకే వాక్యం రాకుండా తలుపులు మారుస్తామన్నారు. పాత వాక్యాలు దాదాపు రెండు వేలు నిల్వ ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒకటి, కొత్తది. ముందున్నవారి మాట వెనకున్నవారికి పనికిరాదు.

పాలకమండలిలో అయిదుగురూ ఒప్పుకున్నారు. వద్దన్నవాడు ఫరీద్ ఒక్కడే.

“శనారం షిఫ్ట్ మారే టైం మేడం, ఆగమైతది,” అన్నాడట.

“మీరు తలుపులు చూసుకోండి,” అన్నారట ఆవిడ.

ఫరీద్ తలుపులు చూసుకున్నాడు.

7. శనివారం, మూడో తలుపు

5:00. కొత్త పద్ధతి మొదలు. వరుసలో మొదట చల్లటి గాలి యంత్రాల ఫోర్‌మన్. పలక చూశాడు, వెనక్కి చూశాడు, మళ్ళీ పలక చూశాడు. మూడు సార్లు తప్పాడు. మూడు తప్పులకు తలుపు అయిదు నిమిషాలు బిగుసుకుంటుంది. బిగుసుకుంది.

5:25. దాటినవాళ్ళు ఆరుగురు. వరుసలో నూట ఎనభై మంది.

5:40. వరుస మలుపు దాటింది. ‘ఏముందో జర చెప్పు’ అని ముందున్నవాళ్ళను వెనకున్నవాళ్ళు అడుగుతున్నారు. ముందున్నవాళ్ళు తమకే తెలియదంటున్నారు. ఒక పెద్దాయన నిన్నటి వాక్యాన్ని గట్టిగా చెప్పాడు, తలుపుకు జాలి కలుగుతుందేమోనని. సోమవారం చదివిన బడి పంతులు కూడా వరుసలోనే ఉన్నారు. ఈసారి మూడో ప్రయత్నం సరిపోలేదు.

6:20. హైమవతి గారు వచ్చారు. జనం దారి ఇచ్చారు. ఆవిడకు వచ్చిన వాక్యం: ‘శీతల యంత్రం మరమ్మతులో ఉంది. రెండో సొరంగంలో నీళ్ళు తగ్గించి వాడండి.’

“శీతల యంత్రం మర... మరమ్మతులో ఉంది. రెండో...”

పలక ఆరింది.

“కళ్ళద్దాలు మర్చిపోయాను,” అన్నారు ఆవిడ. అద్దాలు ముక్కు మీదే ఉన్నాయి.

పనికి పోవడానికి గంటకు పైగా నిలబడి ఉన్న సారక్క వరుసలోంచి తల బయటికి పెట్టింది.

“మేడం, మీకు బొమ్మలేసుడు ఏమన్న వస్తదా?”

మూడో తలుపు దగ్గర మూడు వందల మంది ఒకేసారి నవ్వడం నేను వినడం ఇదే మొదటిసారి. ఆవిడ రెండోసారి ‘నీళ్ళు’ దగ్గర ఆగిపోయారు. మూడోసారి ప్రయత్నించలేదు.

6:50. పాలకమండలి ఉత్తర్వు. అయిదుగురు సభ్యులు నాలుగు వేర్వేరు తలుపుల వెనక చిక్కుకుని ఉన్నందువల్ల సమావేశం ఫోన్లోనే జరిగింది. తొమ్మిది సెకన్లను నలభై అయిదు చేశారు. కారణం: ‘పౌరుల సౌకర్యార్థం’. భద్రత అనే మాట ఉత్తర్వులో లేదు. పందొమ్మిది ప్రాణాల ప్రస్తావన కూడా లేదు.

ముప్ఫై ఒక్క మంది పిల్లల కోసం ముప్ఫై సెకన్లు అడిగిన అర్జీ పదకొండేళ్ళు పరిశీలనలో ఉంది. పెద్దల కోసం నలభై అయిదు రావడానికి గంటా యాభై నిమిషాలు పట్టింది.

8. శనివారం, సాయంత్రం నాలుగు

తల్లులు పిల్లలను మూడో తలుపు దగ్గరికి తీసుకొచ్చారు. ముప్ఫై మంది వచ్చారు. జాజి రాలేదు. ‘రేపే చదువుత’ అందట.

నలభై అయిదు సెకన్లలో దాటినవాళ్ళు ఇరవై నాలుగు మంది. ఆరుగురు దాటలేదు. వాళ్ళలో ఇద్దరికి ఎన్ని సెకన్లిచ్చినా లాభం లేదు. ఆ సంగతి కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

“ఇంట్ల పెట్టె చదువుతలేదా?” అన్నాడు ఫరీద్. “తలుపుతోని గూడ చదివియ్యాలె. అది చదివి, ‘సమజైందా’ అని అడగాలె. ఏం సమజైందో పోరగాడు చెప్పాలె. హెచ్చరిక మనిషికి తెల్వాలని గద పెట్టింది, పరీక్షలు రాయనీకి కాదు గద. గంట పని.”

ఈ మాట హైమవతి గారికి చేరవేశాను. చాలా మంచి ఆలోచన అన్నారు. వచ్చే ఏడాది అవగాహన వారానికి అంశంగా పరిశీలిస్తామన్నారు.

9. ఆదివారం, ఉదయం 9:50, అయిదో తలుపు

ఖాళీ సొరంగం. జాజి, సారక్క, హైమవతి గారు, సంఘం ఫోటోగ్రాఫర్, ఫరీద్, నేను. పరీక్షకు మేస్త్రీ హాజరు తప్పనిసరి.

హైమవతి గారి చేతిలో నిన్నటి ఉత్తర్వు ఉంది. పెట్టెతో రెండుసార్లు చదివించుకుని వచ్చానన్నారు. అందులో ‘పౌరులకు’ నలభై అయిదు సెకన్లు అని ఉంది. పౌరులంటే నియమావళి ప్రకారం ఒంటి బిళ్ల ఉన్నవాళ్ళు. అభ్యర్థికి ఇంకా బిళ్ల లేదు. కాబట్టి పరీక్షకు పాత తొమ్మిదే వర్తిస్తుంది.

సారక్క జాజి భుజం మీద చెయ్యి వేసింది. తొమ్మిది సెకన్లలో జాజికి మూడు మాటలకు మించి రావు. మొదటి పరీక్షలో రెండు వచ్చాయి.

“ఫరీద్, ఈ తలుపుకి తొమ్మిది పెట్టండి,” అన్నారు ఆవిడ.

“ఈ తలుపొక్క దానికి రాదు మేడం.”

“ఎందుకు రాదు?”

“గడియారం ఒక్కటే ఉంది. ఊర్ల ఉన్న తలుపులన్నిటికి అదే. పిల్లలకోటి పెద్దలకోటి లేదు. తొమ్మిది పెట్టాల్నంటే ఊరికంతటికి తొమ్మిదే.” చేతిలోని స్క్రూడ్రైవర్ను చొక్కాకు తుడిచాడు. “పెట్టమంటరా? పన్నెండింటికి షిఫ్ట్ మారుతది.”

ఆవిడ వాచీ చూసుకున్నారు. ఉత్తర్వు చూసుకున్నారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేశారు.

“సరే. పాప విషయంలో మానవతా దృక్పథంతో ప్రత్యేకంగా...”

“ప్రత్యేకం ఏం లేదు మేడం,” అంది సారక్క. “మీకున్నదే దానికి.”

10:00. పలక వెలిగింది: ‘గాలి మార్గం శుభ్రం చేస్తున్నారు. నాలుగో సొరంగంలో మాస్కు పెట్టుకోండి.’

జాజి వేలు ఎత్తి గాలిలోనే ఒక్కో అక్షరం మీద పెట్టింది. “గాలి.” ఆగింది. “మార్గం.” ఆగింది. “శు... శుభ్రం.”

తొమ్మిది దాటింది. పలక ఆరలేదు. జాజి వెనక్కి తిరిగి తల్లిని చూసింది.

“నన్నెందుకు చూస్తున్నవ్? దాన్ని చూడు,” అంది సారక్క.

“చేస్తున్నారు. నాలుగో. సొ... రంగంలో. మాస్కు. పెట్టు... కోండి.”

ముప్ఫై ఒకటో సెకనులో తలుపు తెరుచుకుంది. ఫరీద్ ఒంటి బిళ్ల తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“పాపా, ఆగమ్మా! ఇలా నా పక్కకి వచ్చి ఒక్క ఫోటో,” అన్నారు హైమవతి గారు.

జాజి గడప దాటింది. తలుపు మూసుకుంది.

ఫోటోగ్రాఫర్ హైమవతి గారి వైపు చూశాడు. ఆవిడ పలక ముందుకు వెళ్ళారు. కొత్త వాక్యం వచ్చింది. ఆవిడకు ముప్ఫై ఎనిమిది సెకన్లు పట్టింది. తలుపు తెరుచుకునేసరికి అవతల సొరంగం ఖాళీగా ఉంది. ఆవిడా ఫోటోగ్రాఫరూ అటు నడిచారు.

పిల్లతో రెండు మాటలు మాట్లాడాలని నేనూ పలక దగ్గరికి వెళ్ళబోయాను. సారక్క నా కొంగు పట్టుకుని ఆపింది.

“నువ్వు ఆగక్కా. ఒక్కతే పోనీ.”

“ఎక్కడికి వెళ్తోంది?”

“ఏమో. అడగలే.”

అని గోడ వారన కింద కూర్చుంది. పన్నెండేళ్ళలో కూతురు ఏ తలుపు వెనక ఉందో సారక్కకు తెలియని పది నిమిషాలు ఇవే. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. పదకొండో నిమిషం వచ్చింది. ఆమె లేవలేదు.